కోలారు బంగారు గనులు - మన ఇంటి పెద్దలు

ఉగాదినాడు పెద్దలకు నమస్కరించి, వారి చేత పచ్చడి పెట్టించుకొని, పంచాంగ శ్రవణం చేయడం మన ఆచారం. ఊరు మారినా, చుట్టూ నాలుగు భాషలు కలిసినా, కోలారు బంగారు గనుల తెలుగు ఇండ్లలో ఈ ఆచారం తప్పలేదు. కాని పండుగ మరునాటి సంగతి ఒకసారి చూడవలెను. తెల్లవారకముందే మారికుప్పం స్టేషనునుంచి బెంగుళూరు రైలు కదులుతుంది. ఇంటిలో సంపాదించగలవారందరూ ఆ రైలులో పోతారు. రాత్రి ప్రొద్దుపోయిన తర్వాత గాని తిరిగి రారు. ఈ నడుమ ఇంటిలో ఉండేది ఎవరు? గడపలో గోడకానుకొని కూర్చున్న ఒక తాత. లేదా పొయ్యి దగ్గర ఒక అవ్వ. వారికి కాలు జారినా, ఊపిరి ఆడకపోయినా, వేసుకొనవలసిన మాత్ర మరచిపోయినా కనిపెట్టేవారు ఎవరు?

ఈ ప్రశ్నకు జవాబు నేటి పరిస్థితులలో మాత్రమే వెదికితే దొరకదు. మన పెద్దలు ఇక్కడికి ఎట్లు వచ్చినారు, ఏ పని చేసినారు, ఆ పని వారి ఒంటిలో ఏమి మిగిల్చినది, వారు పని మాని కూర్చున్నప్పుడు వారిని చూచుకొన్న చేతులు ఎవరివి అన్న చరిత్ర కొంత తెలియవలెను. మేము విన్నది, కన్నది, చదివినది కూర్చి ఈ నాలుగు మాటలు మన సంచికకు వ్రాస్తున్నాము.

కోలారు నేలలో బంగారమున్నదని పూర్వమే తెలిసినా, కొత్త కాలపు తవ్వకాలకు దారి తీసినది 1870 దశకంలో మైసూరు ప్రభుత్వంవద్ద అనుమతి పొందిన మైకేల్ లవెల్లి అనే ఐరిష్ సిపాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు సంస్థ రంగంలోకి దిగిన తర్వాత గనులకు దశ తిరిగినది. మైసూరు, ఊరిగాం, చాంపియన్ రీఫ్, నందిదుర్గం, బాలాఘాట్ అన్న పేర్లతో గనులు వరుసగా లేచినవి. 1894లో బౌరింగ్‌పేటనుంచి, అనగా నేటి బంగారపేటనుంచి, మారికుప్పానికి రైలు వచ్చినది. 1902లో శివసముద్రంనుంచి తొంబది మైళ్ళకు పైగా తీగలు లాగి విద్యుత్తు తెచ్చినారు. పాలారు మీది బేతమంగళం చెరువునుంచి నీరు తెచ్చినారు.

యంత్రాలు, ఇంజనీర్లు సముద్రాలు దాటి వచ్చినారు. రాయి కొట్టిన చేతులు మాత్రం చుట్టుప్రక్కల జిల్లాలవి. పాత గ్రంథాలలో వీరిని ఉత్తరార్కాటు కూలీలని వ్రాసినచోట అందరూ తమిళులే అనుకొనరాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలు ఉత్తరార్కాటులోనివే. ఆ లెక్కలో మనవారు కూడా ఉన్నారు. వాన లేక చేను ఎండినప్పుడు, అప్పు తీరనప్పుడు, పెండ్లికి డబ్బు కావలసినప్పుడు సద్దిమూట కట్టుకొని వచ్చినవారి మనుమలమే మనలో చాలామందిమి.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆ తొలి రోజులలో గనుల ఊరు పడుచువాండ్ల ఊరు. ముసలివారు అంతగా కనిపించేవారు కారు. గని ఆరోగ్యకరమైనది కనుక కాదు. ఒళ్ళు సహకరించనివాడు ఇక్కడ నిలువలేకపోయినాడు కనుక. దగ్గు పట్టినవాడు, నడుము పోయినవాడు జీతం తీసుకొని స్వగ్రామానికి పోయేవాడు. కంపెనీ పుస్తకంలో ఒక పేరు కొట్టివేయబడేది. పలమనేరు ప్రక్క ఏదో పల్లెలో పంచలో ఒక మంచం వేయబడేది. ఆ మంచం ఖర్చు, ఆ మంచం దగ్గర మేలుకొన్న రాత్రులు ఏ కంపెనీ లెక్కలోనూ చేరలేదు. తల్లియో, ఆలియో, కోడలో మోసినది ఆ భారం.

ఇది మన గనుల కథ మాత్రమే కాదు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండు బంగారు గనులలోనూ ఇట్లే జరిగినది. అక్కడ గనివారి ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారమిచ్చే చట్టాలు 1911, 1912 సంవత్సరాలలోనే వచ్చినవి. 1930లో ఆ జబ్బును గురించి జోహాన్నెస్‌బర్గులో అంతర్జాతీయ సమావేశం జరిగినది. అయినను దూరపు పల్లెలనుంచి వచ్చి పనిచేసిన నల్లజాతి కార్మికులలో ఎందరో జబ్బును వెంటబెట్టుకొని తమ గుడిసెలకే తిరిగి పోయినారు. గని ఎక్కడ ఉన్నా, ముసలితనాన్ని మాత్రం ఇంటికే పంపినది.

ఆ జబ్బు ఏమిటో ఒక మాట చెప్పవలెను. కోలారులో బంగారం పలుగురాయి చారలలో ఉన్నది. ఆ రాతిని తొలిచినప్పుడు, ప్రేల్చినప్పుడు కంటికి కనిపించనంత సన్నని దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల లోపలికి పోయి, తిరిగి రాక, అక్కడ మచ్చలు కట్టి, మెత్తని ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది. దీనినే సిలికోసిస్ అంటారు. తొలుచు యంత్రానికి నీరు పారించి దుమ్మును అణచే పద్ధతి తరువాత వచ్చినది. గాలి ఆడే ఏర్పాట్లు మెరుగుపడినవి. కాని అప్పటికే ఎందరో ఎంతో పీల్చి ఉన్నారు. 1947లో వెలువడిన ఒక పరిశీలనలో, పరీక్షించిన ఏడువేల ఐదువందలమందికి పైగా కార్మికులలో నూటికి నలభైమందికి మించి ఈ జబ్బు లక్షణాలు కనిపించినవి. మన దేశంలో సిలికోసిస్‌ను గురించి వెలువడిన తొలి పెద్ద పరిశీలనలలో అది ఒకటి.

ఈ జబ్బును గూర్చి మన ఇండ్లలో తెలియవలసినవి రెండు. ఒకటి, పని మానినంతమాత్రాన ఇది ఆగదు. గని దిగడం మానిన పది, ఇరవై ఏండ్లకు కూడా ఆయాసం ముదురవచ్చును. రెండు, ఇది ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. మచ్చలను పోగొట్టే మందు లేదు. కాని క్షయను కనిపెట్టి కుదుర్చుకొనవచ్చును, జలుబు ముదరకుండా చూచుకొనవచ్చును, పొగ తగులకుండా కాపాడుకొనవచ్చును. అనగా వైద్యశాలలో చేయగలిగినదానికంటె ఇంటిలో చేయవలసినదే ఎక్కువ.

రెండవ తరం, మూడవ తరం వచ్చేసరికి స్వగ్రామంలో భూమి పోయినది, ఇల్లు కూలినది. పెద్దలు పోవడానికి పల్లె లేకపోయినది. ఇక్కడే ముసలివారైనారు. మొదట వెదురు తట్టీల గుడిసెలు, తర్వాత వరుస వరుసలుగా కట్టిన లైన్ల ఇండ్లు. ఒక గది, ముందొక వసారా. ఆ వసారాయే తాతకు పడకటిల్లు, వైద్యశాల, కచేరీ సమస్తమూ. ఆయాసంతో పడుకోలేనివాడు రాత్రంతా గోడకు దిండు ఆనించుకొని కూర్చునేవాడు. మేము చిన్నతనంలో ఆ దగ్గు వినబడితేనే ఇల్లు నిద్రపోయేది. దగ్గు వినబడకపోతే లేచి చూచేది.

ఆ రోజులలో పెద్దలను కాపాడినది ఏమని ఆలోచిస్తే మాకొక సంగతి తోస్తున్నది. గని మూడు షిఫ్టులుగా నడిచేది. కూత వేసినప్పుడల్లా కొందరు దిగేవారు, కొందరు ఎక్కేవారు. కనుక రాత్రి రెండు గంటలైనా, పగలు పదకొండైనా ప్రతి వీధిలోను ఎవరో ఒక మగవాడు ఇంటి పట్టున ఉండేవాడు, ఏదో ఒక పొయ్యి మండుతూ ఉండేది. అవ్వ పడిపోతే లేవనెత్తే చేతులు నాలుగడుగుల దూరంలో ఉండేవి. ఆ చేతులు తెలుగువారివా, తమిళులవా, కన్నడిగులవా అని ఎవరూ అడిగేవారు కారు. ఇది ఎవరూ తలపెట్టి చేసిన ఏర్పాటు కాదు. బంగారం కోసం పెట్టిన షిఫ్టు, తెలియకుండానే, ముసలివారికి కాపలా అయినది.

అట్లని పాత రోజులన్నీ బంగారమని మేము చెప్పము. గాలి ఆడని గదిలో కట్టెల పొగ గనిదుమ్ముకు తోడయ్యేది. భూమి లోపల రాతి పొరలు ఫెళ్ళున విరిగినప్పుడు పైన ఇండ్లు అదిరి గోడలు బీటలు వారేవి. మరుగుదొడ్డి వీధి చివర. వర్షాకాలపు రాత్రి అక్కడికి పోయి వచ్చుటయే ముసలివారికి గండం. ఇక పెద్దలను చూచుకొనే పని యావత్తు ఆడవారి మీద పడేది. భర్త ఊపిరికోసం పాతికేళ్ళు మేలుకొన్న అవ్వ, ఆయన పోయిన తర్వాత తనకు మేలుకొనేవారు లేక మిగిలిపోవడం మన వీధులలో కొత్త కాదు.

గనివారికి చాంపియన్ రీఫ్‌లో పెద్ద వైద్యశాల ఉండేది. విరిగిన ఎముకలు కట్టడంలో, ప్రమాదాలలో ప్రాణాలు నిలపడంలో దాని పేరు దూరదూరాలకు వినిపించేది. మనలో ఎంతోమంది పుట్టినదీ అక్కడనే. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకొన్నది. 1962లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. చేతులు మారినా కూత ఆగలేదు. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు పోయి, ప్రపంచంలోని అతి లోతైన గనులలో ఒకటిగా నిలిచినది. కాని రాతిలో బంగారం తగ్గినది, తవ్వే ఖర్చు పెరిగినది. 2001 ఫిబ్రవరి 28తో గనులు మూతబడినవి. నూట ఇరవై ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారం వెళ్ళిన దారిలోనే ఉద్యోగాలూ వెళ్ళినవి, వైద్యశాలా వెలవెలబోయి చివరకు తలుపులు మూసుకొన్నది.

2021లో కోవిడ్ రెండవ ఉధృతంలో ఊరివారు, బయటినుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు కలిసి ఆ పాడుబడిన వైద్యశాలను ఊడ్చి, కడిగి, మరల మంచాలు వేసినారు. ఆ వార్త విన్నప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతంత కాదు. దానితోబాటే ఒక ఆలోచన కూడా కలిగినది. తలచుకొంటే ఈ ఊరు కొద్ది రోజులలో అంత పని చేయగలదు. మరి తన వీధిలోని పదిమంది ముసలివారిని చూచుకొనుట దానికెంత?

గని మూతతో పోయిన వాటిలో జీతము, వైద్యశాల అందరికీ కనిపించినవి. షిఫ్టు పోవడం ఎవరికీ కనిపించలేదు. ఈనాడు పడుచువారందరూ ఒకే వేళకు రైలెక్కుతారు, ఒకే వేళకు దిగుతారు. వారిని తప్పు పట్టడానికి లేదు. బెంగుళూరు కూలి లేకపోతే పొయ్యి వెలగదు. కాని ఉదయంనుంచి రాత్రివరకు వీధికి వీధే ముసలివారితోను, బడి పిల్లలతోను మిగిలిపోతున్నది. వేసవి గాలి లేచిందంటే సైనైడు దిబ్బలనుంచి తెల్లని దుమ్ము లేచి ఇండ్లలో పడుతుంది. రాయి పొడి చేసి బంగారం తీసుకొన్న తర్వాత పారబోసిన ఆ దిబ్బలలో మూడు కోట్ల టన్నులకు పైగా పొడి ఉన్నదని చెప్పుతారు. లోపల పీల్చిన దుమ్ము చాలదన్నట్లు, బయట కూర్చున్నా దుమ్మే.

గనుల ఊరు వదలి జిల్లాలోకి పోయినా సంగతి వేరు కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాల తెలుగు పల్లెలలో మామిడి తోటల నడుమ పెద్ద ఇండ్లున్నవి. వాటిలో ఇద్దరిద్దరు ముసలివారున్నారు. చెరువులెండి, బోరు బావులు లోతుకు పోయినకొద్దీ నీటిలో ఫ్లోరైడు బాధ పెరిగినది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగిసిపోతాయి. ఈ జబ్బును మన దేశంలో తొలుత గుర్తించి ప్రకటించినది 1937లో, తెలుగునాట, నాటి నెల్లూరు జిల్లాలో. కీళ్ళు వంగని ముసలివాడు జారితే నిలదొక్కుకొనలేడు. కనుక పల్లెలలో పెద్దల క్షేమం త్రాగే నీళ్ళ కుండనుంచే మొదలు కావలెను. పరీక్షించిన నీటినే వారికి ఇవ్వవలెను.

మా బంధువులలో ఒక పెద్దాయన కథ చెప్పి అసలు విషయానికి వస్తాము. ఆయన ఇరవై ఆరేండ్లు భూమి లోపల యంత్రంతో రాయి తొలిచినాడు. గని మూసిన కొన్ని ఏండ్లకు కొడుకు దగ్గరకు బెంగుళూరు పోయినాడు. దగ్గు, ఆయాసం ముదిరి ఒక వైద్యశాలలో చూపించినారు. క్షయ అన్నారు, మందులు వాడినారు. తగ్గలేదు. మరల అవే మందులు. ఇట్లు రెండేండ్లు గడిచిన పిమ్మట ఒక చిన్నవయసు డాక్టరమ్మ ఎక్సురే చూచి, "తాతా, మీరు ఏమి పని చేసేవారు?" అని అడిగినది. అంతకు ముందు ఆ ప్రశ్న ఎవరూ అడుగలేదు. ఆయనా చెప్పలేదు, కొడుకూ చెప్పలేదు. కొడుకుకు తండ్రి గనిలో పనిచేసినాడని తెలుసు గాని, ఏ గనిలో, ఏ పని, ఎన్నేండ్లు అన్నది తెలియదు. మన చరిత్ర మనకు తెలియకపోతే కలిగే నష్టం ఇటువంటిది. అది పుస్తకాల నష్టం కాదు, ఊపిరి నష్టం.

ఇప్పుడు పెద్దలకు చట్టము, ప్రభుత్వము ఇచ్చే ఆసరా పూర్వంకంటె ఎక్కువే. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వచ్చినది. పిల్లలు చూడకపోతే పెద్దలు వకీలు లేకుండానే ట్రిబ్యునలుకు పోయి పోషణ ఖర్చు అడుగవచ్చును. చూచుకొంటామని ఒప్పుకొని ఇల్లు వ్రాయించుకొని చూడనివారినుంచి ఆ ఇల్లు తిరిగి పొందవచ్చును. అదే ఏడు కర్ణాటక ప్రభుత్వం అరవై ఐదేండ్లు దాటిన పేదలకు సంధ్యా సురక్ష పింఛను ప్రారంభించినది. ఆపదలో, సందేహంలో పెద్దలు పిలువదగిన ఫోను నంబరు 14567. 2024 అక్టోబరులో గృహ ఆరోగ్య అనే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం మన కోలారు జిల్లాలోనే ప్రారంభించినది. ఆరోగ్య సిబ్బంది ఇంటికే వచ్చి రక్తపోటు, మధుమేహం వంటివి పరీక్షించడం దాని ఉద్దేశం. వారు మన గడపకు వచ్చినప్పుడు, "మా తాత గనిలో దిగినవాడు, ఆయాసం ఉన్నది" అని మనమే ముందు చెప్పవలెను.

అయితే చట్టం తెల్లవారుజామున లేచి అవ్వకు వేడినీళ్ళు కాచదు. అది ఇంటివారు, వీధివారు చేయవలసిన పని. మా కార్యవర్గం కూర్చొని మాట్లాడుకొన్న మీదట ఈ కొద్ది పనులు మన కుటుంబాలకు మనవి చేస్తున్నాము.

మంచంనుంచి మరుగుదొడ్డివరకు రాత్రంతా ఒక చిన్న దీపం వెలగనివ్వండి. గోడకు పట్టుకొనేందుకు ఒక గొట్టమో, కర్రో బిగించండి. స్నానాలగది నేల పాచి పట్టకుండా తోమించండి. గాలి దుమారం లేచిన రోజున దిబ్బల వైపు కిటికీలు మూసి, ఇల్లు చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. ఆయాసమున్నవారి గదిలో కట్టెల పొయ్యి, దోమల చుట్ట, సాంబ్రాణి పొగ వద్దు. బీడీ తాతచేతనే కాదు, ఆయన ప్రక్కన కూర్చున్న మనుమనిచేత కూడా మాన్పించండి. రెండు వారాలు మించిన దగ్గుకు కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వ వైద్యశాలలో క్షయ మందులు ఉచితం. జలుబు జ్వరానికి, నిమోనియాకు టీకాలు వేయించవచ్చునా అని డాక్టరును అడగండి. ఏ మాత్ర ఏ వేళకో పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించండి. చదువురానివారికి ప్రొద్దు బొమ్మ, చంద్రుని బొమ్మ వేసి పెట్టండి.

ఇవి ఇంటి పనులు. వీధికి మేము కోరేది ఒక్కటే. పోయిన షిఫ్టును మనమే మరల పెట్టుకొందాము. ప్రతి వీధిలోను పగలు ఇంటి పట్టున ఉండేవారు నలుగురైదుగురు ఉంటారు; అంగడి నడుపుకొనేవారు, కుట్టుపని చేసుకొనేవారు, ఓపిక ఉన్న పెద్దలు. ఉదయం ఒకరు, మధ్యాహ్నం ఒకరు, దీపాలవేళ ఒకరు ఒంటరి పెద్దల గడప ముందు నిలిచి ఒక్క పిలుపు పిలిస్తే చాలును. జవాబు వచ్చినదా, సరి. రాకపోతే తలుపు తోయవలెను. దగ్గరివారి ఫోను నంబర్లు ఆ తలుపు లోపల వ్రాసి ఉండవలెను. దీనికి డబ్బు అక్కరలేదు, భవనం అక్కరలేదు. మన వీధిలోని తమిళ సోదరులను, కన్నడ సోదరులను కూడా ఇందులో కలుపుకొనవలెను. వెనుక మన తాతలను లేవనెత్తిన చేతులు వారివి కూడా కదా.

చివరగా, ఈ పండుగకు ఇంటికి వచ్చే పడుచువారికి ఒక మాట. పచ్చడి తిన్న తర్వాత కాగితం, కలం తీసుకొని తాత ప్రక్కన కూర్చోండి. ఏ గని, ఏ షాఫ్టు, ఏ పని, ఏ సంవత్సరంనుంచి ఏ సంవత్సరంవరకు అని అడిగి వ్రాయండి. అవ్వను కూడా అడగండి. ఆమె ఎన్నేండ్లు పొగలో వండినదో, గని మీద ఏమి పని చేసినదో వ్రాయండి. ఒక ప్రతి ఎక్సురేలతోబాటు సంచిలో పెట్టండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఆ కాగితం డాక్టరుకు వైద్యానికి పనికివస్తుంది. రేపు మీ పిల్లలకు చరిత్ర అవుతుంది. చెప్పేటప్పుడు తాత మధ్య మధ్య ఆయాసంతో ఆగుతాడు. తొందర పెట్టకండి. ఆ రోజు రైలు లేదు కదా.

మన పెద్దలందరికీ కొత్త సంవత్సరం చల్లని గాలిని, నిండు ఊపిరిని ప్రసాదించుగాక.